దొరసాని జడ

పెద్దాపురం,
9 మే 2025

ఉమకి,

మీ వదిన ఆశీస్సులు. పార్సెల్ అందింది. రెండు చీరల్లో ఆకుపచ్చది నాకనుకున్నాను గానీ, మన హారతి అప్పుడే పిన్నులు పెట్టి అద్దం ముందు నిలబడింది. ఇంటర్‌లో చేరబోయే పిల్లకి చీరెందుకని అడిగితే "అత్త నాకే పంపింది, నీకు మర్యాదకి ఒకటి వేసింది" అంది. ఆ నోరు నీదే.

ఈ కాలంలో ఉత్తరాలేంటని పోస్ట్‌మాన్ కూడా నవ్వుతున్నాడు. ఫోన్లో నువ్వు "ఆఁ తిన్నా, ఆఁ పడుకున్నా" తప్ప ఇంకో ముక్క చెప్పవు. స్పోర్ట్స్ హాస్టల్లో ఉన్నప్పుడు పదకొండేళ్ళ పిల్లవి, ఉప్మాలో పురుగు దగ్గర నుంచి వార్డెన్ కళ్ళజోడు దాకా నాలుగు పేజీలు రాసేదానివి. నాకు ఆ ఉమ కావాలి.

అసలు సంగతి. రాజమండ్రి బస్టాండులో నీ పోస్టర్ చూశాను. పెద్ద బొట్టు, చేతిలో విసనకర్ర, పక్కన "దొరసాని వస్తోంది" అని అక్షరాలు. మోకాళ్ళ దాకా జడ. ఆ జడ నిజమేనని అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు. చిన్నప్పుడు నువ్వు కదలకుండా కూర్చుంటావని నోట్లో బెల్లం ముక్క పెట్టి అల్లేదాన్ని. మీ అన్నయ్య కూడా పోస్టర్ చూశారు. చూసి అవతల వైపు నుంచి నడిచారు. నువ్వు వెయిట్ లిఫ్టింగ్ వదిలి ఈ షో కుస్తీలోకి వెళ్ళిన దగ్గర్నుంచి ఆయన నీ పేరు ఎత్తకపోవడం నీకు కొత్త కాదు. నీ మెడల్స్ తుడిచే గుడ్డ మాత్రం ఆయనే ఉతుక్కుంటారు.

జూన్లో ఆ రాజమండ్రి షోకి నేను వస్తాను. పక్కింటి రత్నమాణిక్యం గారు తోడు వస్తానన్నారు. మేం ఈ వీధికి వచ్చింది నిరుడే కాబట్టి నువ్వెవరో ఆవిడకి తెలియదు. నేనూ చెప్పలేదు. సిగ్గుపడి కాదు, చెబితే దారంతా ప్రశ్నలే.

నాకు పద్ధతి తెలియదు, నువ్వే రాయి. ఎక్కడ కూర్చోవాలి? నీకు పూతరేకులు తెస్తే ఎవరికివ్వాలి? ముఖ్యంగా, మన మనిషి విలన్ అయినప్పుడు చప్పట్లు కొట్టాలా, కొట్టకూడదా?

నీ వదిన
నాగేశ్వరి


పూణె,
18 మే 2025

వదినా,

నీ ఉత్తరాన్ని దుర్గాశ్రీకి చదివి వినిపించాను. రింగులో నాకు ఎదురు నిలబడే హీరోయిన్ తనే. చివర్లో నీ ప్రశ్న దగ్గర పడీ పడీ నవ్వింది. "మీ వదిన్ని చప్పట్లు కొట్టొద్దను, తిట్టమను. వచ్చిన తిట్లన్నీ తిట్టమను" అంది. అదే జవాబు. దొరసానిని చూసి జనం తిట్టకపోతే నాకు ఆ రోజు అన్నం సహించదు.

పద్ధతి అడిగావు కాబట్టి రాస్తున్నాను. రింగు చుట్టూ ఇనుప రైలింగ్ ఉంటుంది. ఫ్యాన్స్ మమ్మల్ని ముట్టుకోకూడదు, మేం ఫ్యాన్స్‌ని ముట్టుకోకూడదు. గేటు దగ్గర బోర్డు కూడా పెడతారు. కానీ దొరసాని పనే జనం సొమ్ము లాక్కోవడం కదా. రింగు దిగి రైలింగ్ వెంట నడుస్తూ ఒకరి చేతిలో తినుబండారమో, కూల్‌డ్రింకో లాక్కుని వాళ్ళ ముందే తినేస్తాను. దానికి నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ముందు కళ్ళలోకి చూస్తాను. వాళ్ళు నవ్వారా, లాక్కుంటాను. తల తిప్పుకున్నారా, విసనకర్ర విసురుకుంటూ పక్కకి వెళ్ళిపోతాను. నోటితో అడిగితే ఆట పోతుంది. అందుకని కళ్ళతో అడుగుతాను. ఇప్పటిదాకా ఒక్కరూ నొచ్చుకోలేదు.

ఇక నువ్వు. మూడో వరుసలో కూర్చో, దెబ్బలు బాగా కనపడతాయి. నేను పడినా, ఏడ్చినా, కాపాడమని గుండెలు బాదుకున్నా అంతా నటనే, లేవకు. నిజంగా దెబ్బ తగిలితే రిఫరీ ఆరోన్ గారు రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడతారు. ఆ గుర్తు కనపడనంత వరకూ ఏదీ నిజం కాదు. నన్ను పేరు పెట్టి పిలవకు, చెయ్యి ఊపకు. ముఖ్యంగా నీ వైపు చూస్తే తల తిప్పేసుకో. నీతో కళ్ళు కలిస్తే నాకు నవ్వొచ్చేస్తుంది, దొరసాని నవ్విందంటే నా పని అయిపోయినట్టే.

షో అయిపోగానే వెనక నుంచే బస్సెక్కించేస్తారు. కలవడం కుదరదు. పూతరేకులు హారతికి పెట్టు. నా వాటా దాని ముక్కు ముందు ఊపి పెట్టు.

అన్నయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ ఉమ


పెద్దాపురం,
23 జూన్ 2025

ఉమా,

అమ్మో, ఏం చేశావే! ఇంటికి వచ్చాక కూడా నా చెవుల్లో ఆ ఈలలు తగ్గలేదు.

ముందు రత్నమాణిక్యం గారి సంగతి చెప్పాలి. దారి పొడుగునా అమ్మవారి స్తోత్రం చదువుకుంటూ వచ్చిన మనిషి, నువ్వు దుర్గాశ్రీ కళ్ళలో కుంకుమ కొట్టగానే లేచి నిలబడి "ఓసి నీ జిమ్మడ, దాన్ని పడదొయ్యండ్రా ఎవరైనా!" అని అరిచింది. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. మొదటి వరుసలో పెద్దాయన చేతిలో జంతికల పొట్లం నువ్వు లాక్కుంటే ఆయన సంబరం చూడాలి. పక్కవాళ్ళకి "నా దగ్గరే తీసుకుంది, నా దగ్గరే" అని చెప్పుకున్నాడు. నువ్వు కళ్ళతో అడగడం నాకు కనపడింది. తెలిసిన వాళ్ళకే కనపడుతుంది అది.

అన్నిటికంటే ఆ జడ ఘట్టం. నువ్వు వెనక్కి తిరిగి వెళుతుంటే రైలింగ్ మీద నుంచి ఒకడు జడ అందుకుని చేతికి చుట్టుకున్నాడు చూడు, ఎర్ర చొక్కా అతను. అతను ఎంత సహజంగా చేశాడు! ఇంకో చెయ్యి నడుము మీద వేసి లాగుతుంటే ఒళ్ళు జలదరించింది. నువ్వు బతిమాలావు, మొహం అంతా పాలిపోయింది, కళ్ళల్లో నీళ్ళు. ఇంత నటన నీకు ఎవరు నేర్పారు? మధ్యలో నా వైపు చూశావు. నాకు నువ్వు రాసింది గుర్తుంది. వెంటనే తల తిప్పుకుని కుర్చీ కింద చెప్పులు చూసుకున్నాను. అంతకు ముందే రిఫరీ వైపు కూడా చూశాను. ఆయన రింగులో దుర్గాశ్రీ పక్కన మోకాళ్ళ మీద ఉన్నారు, చేతులు మామూలుగానే ఉన్నాయి. మళ్ళీ తలెత్తేసరికి నువ్వు మోచేత్తో కొట్టడం, అతను ముక్కు పట్టుకుని పడటం అయిపోయాయి. ఆ రక్తం రంగు ఎలా పెడతారు? గొట్టంలో దాచుకుంటారా?

చివర్లో నువ్వు మళ్ళీ వస్తావని అందరం చూశాం. రాలేదు. రత్నమాణిక్యం గారు "తిక్క కుదిరింది" అనుకుంటూ బస్సెక్కారు.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకు. జాకెట్టు వీపు దగ్గర మరీ బిగుతుగా ఉంది. ఆది పంపితే నేనే కుట్టించి పంపుతాను.

నీ వదిన


పెద్దాపురం,
8 జులై 2025

ఉమా,

రెండు వారాలైంది, జవాబు లేదు. ఫోన్ స్విచ్చాఫ్ అని వస్తోంది. జాకెట్టు మాట రాయకుండా ఉండాల్సింది. నీ కంపెనీ బట్టల గురించి నాకేం తెలుసు? నీ ఇష్టం వచ్చింది వేసుకో, జవాబు మాత్రం రాయి.

ఇక్కడ మరిడమ్మ జాతర మొదలైంది. వీధి వీధంతా డప్పులే. మీ అన్నయ్య దర్శనానికి వెళ్ళి, నీ పేరు మీద కూడా కొబ్బరికాయ కొట్టి, నాకు చెప్పకుండా చిప్పలు సంచిలో అడుగున పెట్టారు. సంచి దులిపేది నేనే అని మరిచిపోతారు.

నిన్న హారతి ఫోన్లో ఒక వీడియో చూపించింది. "అభిమాని ముక్కు పగలగొట్టిన దొరసాని" అని పెట్టారు. నువ్వు మోచెయ్యి ఎత్తడంతో మొదలై అతను పడటంతో అయిపోయింది. జడ పట్టుకున్నది అందులో లేదు. ఇంకో దాంట్లో అతను ముక్కుకి పట్టీ వేసుకుని మాట్లాడుతున్నాడు. పేరు కిరణ్ కుమార్ అట. "అభిమానంతో దగ్గరికెళితే కొట్టింది" అంటున్నాడు. ఎంత బాగా చేస్తున్నాడు! మీ కంపెనీలో ఎప్పటి నుంచి ఉన్నాడు? కింద జనం రాసినవి హారతి నన్ను చదవనివ్వలేదు. అవి కూడా తిట్లే కదా, నువ్వు సంతోషపడాలి అన్నాను. అది ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ ఉత్తరం అందగానే రెండు ముక్కలు రాయి. రెండే చాలు.

నాగేశ్వరి


పూణె,
13 జులై 2025

వదినా,

అతను మా కంపెనీ మనిషి కాదు.

అది ఆటలో లేదు. రంగు కాదు. నేను ఏడ్చింది నిజం. "వదలండి, వదలండి" అని బతిమాలింది నిజం. నీ వైపు చూసింది సాయం కోసం. నువ్వు తల తిప్పుకున్నావు.

తప్పు నాదే, నేనే రాశాను అలా చేయమని. ఆ సంగతి నాకు గుర్తుకి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను ఏమనుకున్నానో తెలుసా? జనంలో నేను మీ ఉమనని చెప్పుకోవడం నీకు ఇష్టం లేదనుకున్నాను. అన్నయ్య లాగే నువ్వూ అవతల వైపు నుంచి నడిచావనుకున్నాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది, రక్తం రంగు ఎలా పెడతారని. దాన్ని పూర్తిగా చదవలేకపోయాను.

ఆరోన్ గారి గుర్తు గురించి రాశాను కదా. అది మాలో ఒకరి దెబ్బ ఇంకొకరికి నిజంగా తగిలినప్పుడు పెట్టేది. జనం చేసేదానికి గుర్తు లేదు వదినా. ఎవరూ పెట్టలేదు. ఆయన రింగులో ఉన్నారు, నేను కింద ఉన్నాను. బౌన్సర్లు కూడా ఆటేననుకున్నారు.

నా నంబర్ ఎవరో బయట పెట్టారు. సిమ్ తీసేశాను. మేనేజర్ శాంతికుమార్ గారు "టికెట్ కొన్న మనిషిని కొట్టడం ఏంటి, దాన్నీ ఆటలో భాగంగా తీసుకుని ఉండాల్సింది" అన్నారు. నన్ను రింగుకి దూరంగా ఉంచారు. క్షమాపణ వీడియో చేయమంటున్నారు. నా నడుము మీద చెయ్యి గురించి చెబితే "ఫుటేజీలో లేదమ్మా" అన్నారు. మా కెమెరా ఆ సమయంలో దుర్గాశ్రీ మీద ఉంది.

ఉమ


పెద్దాపురం,
17 జులై 2025

ఉమా,

నీ ఉత్తరం నిన్న పొద్దున పది గంటలకి వచ్చింది. అప్పటి నుంచి పొయ్యి వెలిగించలేదు. హారతి కాలేజీ క్యాంటీన్లో తింటానని వెళ్ళింది.

నేను అక్కడ చెప్పులు చూసుకున్నాను. ఎడమ చెప్పు పట్టీ తెగడానికి సిద్ధంగా ఉంది, మార్పించాలి అని కూడా అనుకున్నాను. నీ జడ వాడి చేతిలో ఉండగా నేను ఆలోచించింది అది. ఇంకేం రాయను దాని గురించి. రాస్తే నువ్వు నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకా అన్యాయం.

చేయగలిగింది చేశాను. మీ కంపెనీకి ఉత్తరం రాసి పంపాను. నేను తెలుగులో రాశాను, హారతి ఇంగ్లీషులో టైపు కొట్టింది. నిన్ను అడిగి రాయాల్సింది గానీ ఆగలేకపోయాను. ఎక్కడా అబద్ధం లేకుండా, ఏది ముందో ఏది వెనకో వరస తప్పకుండా రాశాను. అతనే ముందు జడ పట్టుకున్నాడని, నడుము మీద చెయ్యి వేశాడని, నువ్వు బతిమాలావని, ఆ తర్వాతే కొట్టావని రాశాను. అంతమందిలో ఎవరూ ఎందుకు లేవలేదని వాళ్ళు అడుగుతారని, దానికీ జవాబు పెట్టాను. "చూస్తున్న మాకందరికీ అది షోలో భాగమే అనిపించింది, అంత నిజంగా ఉంది, ఊపిరి బిగబట్టి చూశాం, అందుకే ఎవరూ కదల్లేదు, తప్పు మా అందరిదీ, ఆ అమ్మాయిది కాదు" అని రాశాను. బంధువునని రాయలేదు. బంధువంటే నమ్మరని.

రత్నమాణిక్యం గారిని కూడా సంతకం అడిగాను.

"దేనికండీ సంతకం?"

"అతను జడ పట్టుకోవడం మీరూ చూశారు కదండీ."

"నేను చూసింది ఆ పిల్ల కొట్టడమేనండి. పట్టుకుంటే పట్టుకున్నాడు, అలా జనంలో తిరగడానికి వచ్చిన మనిషికి ఆ మాత్రం తెలియదా?"

"అది మా ఆడపడుచండీ" అన్నాను. ఆవిడ "అయ్యో, ముందే చెబితే తిట్టకపోదును కదండీ" అంది. సంతకం మాత్రం పెట్టలేదు.

మీ అన్నయ్యకి చెప్పాను. "దాన్ని అక్కడికి వెళ్ళొద్దని ఎప్పుడో చెప్పాను" అన్నారు. అది ఇప్పుడనాల్సిన మాటా అంటే, పెరట్లోకి వెళ్ళి చీకటి పడే దాకా బావి గట్టు మీద కూర్చున్నారు. ఆయన మీద కోప్పడే ఓపిక కూడా నాకు లేదు.

క్షమాపణ చెప్పకు. నా ఉత్తరం అందితే వాళ్ళకే అర్థమవుతుంది.

నీ వదిన


పూణె,
2 ఆగస్టు 2025

వదినా,

నీ ఉత్తరం అందింది. వాళ్ళకి అర్థమైంది కూడా. ఏం అర్థమైందో చెబుతాను, కూర్చుని చదువు.

సోమవారం మీటింగులో శాంతికుమార్ గారు దాన్ని పైకి చదివారు. జడ, నడుము, నేను బతిమాలడం, ఇవన్నీ గబగబా చదివేసి "అంత నిజంగా ఉంది, ఊపిరి బిగబట్టి చూశాం" అన్న చోట ఆగారు. అది రెండుసార్లు చదివారు. "ఇది మామూలు గృహిణి రాసిన మాట. ఇంతకంటే మంచి మాట మనకి ఎవరు రాస్తారు?" అన్నారు. ఆ మర్నాడే కిరణ్ కుమార్‌కి ఫోన్ చేశారు.

ఇక నుంచి అతను ఆటలో ఉంటాడు. ప్రతి ఊళ్ళో మొదటి వరుసలో మామూలు ప్రేక్షకుడిలా కూర్చుని, నేను అటు వెళ్ళినప్పుడు జడ పట్టుకుని లాగుతాడు. జనం "దొరసానికి తగిన శాస్తి" అని ఈలలేస్తారు. ఈసారి నేను కొట్టను, కాళ్ళ మీద పడతాను. నా క్షమాపణ కూడా అందులోనే అయిపోతుందట. ఒక్క దెబ్బకి రెండు పనులు అన్నట్టు అందరూ సంతోషంగా ఉన్నారు. మొదటిది ఇరవై మూడున భీమవరంలో.

మానెయ్యమంటావని తెలుసు. మానేస్తే ఫ్యాన్‌ని కొట్టి పారిపోయిన దానిలా మిగులుతాను. ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. బరువులెత్తడానికి మోకాలు ఇక పనికిరాదు. అదీగాక వదినా, నాకు ఈ పనంటే ఇష్టం. జంతికల పెద్దాయన నవ్వాడు చూడు, ఆ నవ్వంటే ఇష్టం. అది చెబితే, చేయి పడ్డాక కూడా ఇష్టమేంటి అంటారు. అందుకే ఎవరికీ చెప్పను.

నిన్న రిహార్సల్. అతను చాలా మర్యాదగా ఉన్నాడు. "మేడమ్, రాజమండ్రిలో లాగే చేయాలా?" అని అడిగాడు. తప్పు చేశానన్న సంగతే అతనికి తెలియదు. జడ ఒక్కటే, నడుము మీద చెయ్యి వద్దు అని రాయించుకున్నాను. అందరి ముందూ సరేనన్నాడు.

నీ మీద కోపం లేదు. ఉంటే బాగుండేది. నువ్వు నిజమే రాశావు, అంతే.

భీమవరం రాకు.

ఉమ


పెద్దాపురం,
7 ఆగస్టు 2025

ఉమా,

ఆ వాక్యం ఎందుకు రాశానా అని పడుకున్నా లేచినా అదే. అడగని ప్రశ్నకి జవాబు రాశాను. అన్నిటికీ లెక్క సరిపోవాలనుకునే బుద్ధి నాది. మిగిలినవి నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటే ఇది జరిగేది కాదు.

మీ కంపెనీ నుంచి నాకూ జవాబు వచ్చింది. ధన్యవాదాలు చెప్పి, భీమవరం షోకి రెండు పాసులు పెట్టారు. మొదటి వరుస.

రాను అని మాట ఇవ్వలేను.

వదిన


పెద్దాపురం,
25 ఆగస్టు 2025

ఉమా,

ఆ గోలలో నువ్వు నన్ను చూశావో లేదో తెలియదు. నా వైపు నుంచి జరిగింది రాస్తున్నాను.

హారతికి పరీక్ష ఉంది. మీ అన్నయ్యని రమ్మంటే "నేను చూడలేను" అన్నారు. రాను అనలేదు, చూడలేను అన్నారు. చివరికి రత్నమాణిక్యం గారే వచ్చారు. "ఈసారి తిట్టనండి, ఒట్టు" అన్నారు. దారిలో వాన. పాలకొల్లు దగ్గర బస్సు ఆగిపోయి, మేం వెళ్ళేసరికి దుర్గాశ్రీ ఆట మొదలైపోయింది.

కిరణ్ కుమార్ మా వరుసలోనే, రెండు కుర్చీల అవతల. మళ్ళీ ఎర్ర చొక్కాయే. కంపెనీ వాళ్ళు వేయించారేమో. నాకు దారి ఇవ్వడానికి లేచి, "రండాంటీ, ఇటు జారుతుంది చూసుకోండి" అన్నాడు. వాణ్ణి అసహ్యించుకుందామని వెళ్ళిన దాన్ని, "పర్వాలేదు బాబూ" అన్నాను. నోరు అలవాటు ప్రకారం అనేసింది.

నువ్వు వచ్చావు. విసనకర్ర విసురుకుంటూ వచ్చావు గానీ ఎవరి చేతిలోదీ లాక్కోలేదు. ఎవరి కళ్ళలోకీ చూడలేదు. నేరుగా నడిచి రాసుకున్న చోట ఆగి వీపు తిప్పావు. వాడు జడ పట్టుకున్నాడు, జనం లేచారు. ఈలల మధ్య వాడి రెండో చెయ్యి ముందుకు రావడం నేను చూశాను. నడుము వైపే వచ్చింది.

నేను లేచాను. ఎలా లేచానో తెలియదు, చేతి సంచి కింద పడింది. వాడి మణికట్టు పట్టుకుని "చెయ్యి తియ్యి. అది మా పిల్ల. తియ్యంటున్నానా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇంట్లో ఇరవై రెండేళ్ళలో అలా అరిచి ఎరగను.

జనం ఏం చేశారో నీకు తెలుసు. చప్పట్లు కొట్టారు. ఎవరో "ఆంటీ, ఇంకోటి వెయ్యండి!" అన్నారు. కెమెరా నా మీదకి తిరిగింది, పైన పెద్ద తెర మీద నా మొహమే. "నిజంగా చెబుతున్నానండీ, ఇది నాటకం కాదండీ" అని నలువైపులా తిరిగి చెప్పాను. ఎంత చెబితే అంత నవ్వారు. కిరణ్ కుమార్ కూడా నన్ను కంపెనీ మనిషిననుకున్నాడు. జడ వదిలి, నాకు నమస్కారం పెట్టి, జనం వైపు తిరిగి చెవులు పట్టుకుని గుంజీలు తీశాడు. దానికి ఇంకా ఎక్కువ చప్పట్లు. బౌన్సరు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా ఇచ్చి, "బాగా చేశారమ్మా" అన్నాడు.

బయటికి వస్తుంటే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు సెల్ఫీ అడిగారు. నా కళ్ళలో నీళ్ళు చూసి "ఇంకా క్యారెక్టర్లోనే ఉన్నారే" అని ఒకళ్ళతో ఒకళ్ళు అనుకున్నారు. రత్నమాణిక్యం గారు బస్సులో మెల్లగా అడిగారు, "మీరూ అందులో చేరిపోయారా అండీ? నాకు చెప్పొచ్చు కదా" అని. తెలిసిన మనిషి కూడా అలా అడిగింది.

ఆరోజు నిజాన్ని ఆటనుకుని కూర్చున్నాను. ఈసారి నేను నిజంగా లేస్తే అదీ ఆటే అయింది. ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు ఉమా.

నీ వదిన


పూణె,
31 ఆగస్టు 2025

వదినా,

చూశాను. కళ్ళు కలిశాయి కూడా. ఈసారి నాకు నవ్వు రాలేదు.

నువ్వు మణికట్టు పట్టుకునే లోపే చెయ్యి నడుము మీద పడింది. అయినా ఒక్క క్షణమే. రాజమండ్రిలో అంత తొందరగా పోలేదు. తర్వాత శాంతికుమార్ గారికి చెప్పాను, రాసుకున్నది జడ ఒక్కటే కదా అని. "జోరులో వచ్చేసిందమ్మా, కావాలని కాదు" అన్నారు. అతన్ని అడిగితే అతనూ అదే అన్నాడు. నిజంగానే అలా అనుకుంటున్నాడు, అదే నాకు భయం.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ పెద్దావిడ ఎవరు, మన షోకి ఉత్తరం రాసిన ఆవిడేనా అని శాంతికుమార్ గారు ఆరా తీశారు. మా వదినని చెప్పక తప్పలేదు. మొహం వెలిగిపోయింది. "కాకినాడకి రమ్మను, ఏలూరుకి రమ్మను. అదే లేవడం, అదే అరవడం. ఆవిడకి నేర్పాల్సింది ఏమీ లేదు" అన్నారు. నేను వద్దని చెప్పేశాను. నా నోటితో వద్దని చెప్పి, గదికి వచ్చి, నువ్వు పక్కన నిలబడితే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. అందుకు సిగ్గుగా ఉంది.

మా కంపెనీలో నా కోసం లేచిన మనిషి ఒక్కరు లేరు. నువ్వు లేచావు. జనం ఏమనుకున్నారో నాకు అక్కర్లేదు. నాకు తెలుసు.

ఉమ


పెద్దాపురం,
5 సెప్టెంబర్ 2025

ఉమా,

కాకినాడకి వస్తానని చెప్పు. ఏలూరుకీ వస్తాను. నాకు ఏమీ ఇవ్వక్కర్లేదు, కుర్చీ మాత్రం అతని పక్కనే ఉండాలి. మధ్యలో రెండు కుర్చీలుంటే నేను అందుకోవడం ఆలస్యమవుతోంది. నన్ను చూసి నవ్వుకునే వాళ్ళని నవ్వుకోనీ. ఆట పేరు చెప్పి అయినా వాడి చెయ్యి పట్టుకునే వీలు నాకు దొరికింది, వేరే దారి నాకు కనపడలేదు.

ఆరోజు కాస్త ముందుగా వస్తాను. జడ నేనే వేస్తాను. నీ జుట్టు పైకి మడిచి ముడి వేసి, కింద నుంచి సవరం కట్టి అల్లుతాను. చూసేవాళ్ళకి ఒకే జడలా ఉంటుంది. గట్టిగా లాగితే సవరం ఊడి వాడి చేతికి వస్తుంది, నువ్వు ముందుకు నడిచి వెళ్ళిపోవచ్చు. నిన్న హారతి తలకి కట్టి, మీ అన్నయ్య చేత లాగించి చూశాను. మొదటిసారి ఊడలేదు, పిన్నులు తీసేశాక ఊడింది.

సవరం కొనడానికి మీ అన్నయ్యే బండి మీద తీసుకెళ్ళారు. కొట్టు బయటే ఉంటానన్న మనిషి, నేను నల్లది తీస్తుంటే లోపలికి వచ్చి, "అది కాదు, కాస్త ఎర్రది చూడు. ఎండలో తిరిగి దాని జుట్టు ఎర్రబడి ఉంటుంది" అన్నారు. ఎర్రదే తీసుకున్నాను. మూడు తీసుకున్నాను, ఊరికి ఒకటి చొప్పున వాడి చేతికి పోతాయి కదా, ఒకటి అదనంగా ఉండనీ అని.

జడ సంగతి నేను చూసుకుంటాను. నడుముకి ఏం కట్టాలో మాత్రం ఎంత ఆలోచించినా తోచడం లేదు.

నీ వదిన
నాగేశ్వరి